పెన్న పుట్టింటి దారిలో: హెంజేరు గుళ్లు, పెనుకొండ కాలువ

ఈ ధారావాహికలో ఇప్పటిదాకా సముద్రపు ఒడ్డునే నడిచాం. భీమిలి ఇసుక తిన్నెల దగ్గర బయల్దేరాం. అంతర్వేదిలో వశిష్ఠ కడలిలో కలిసేచోట లక్ష్మీనరసింహస్వామిని, హంసలదీవిలో కృష్ణ సంగమం దగ్గర వేణుగోపాలస్వామిని దర్శించుకుని, నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర పెన్న సముద్రంలో కలిసే చోటికి చేరాం. గోదావరి, కృష్ణల పుట్టుక చూడాలంటే మహారాష్ట్ర దాకా పోవాలి. పెన్నకు అంత దూరం అక్కర్లేదు. సుమారు 600 కిలోమీటర్లు పారే ఆ నది నంది కొండల్లో పుట్టి, ఉత్తరంగా నడిచి, హిందూపురం దగ్గర తెలుగు నేల మీదికి దిగుతుంది. అక్కడ అది ఇంకా చిన్న ఏరు. ఏడాదిలో చాలా నెలలు ఇసుక తప్ప ఏమీ కనిపించదు. నిండు నది ఒడ్డున గుడి కట్టినవాళ్లను చూశాం కాబట్టి, ఎండిన ఏటి సీమలో గుడి కట్టినవాళ్లు ఏం చేశారో చూడటానికి ఈసారి పైకి ఎక్కుదాం.

మజిలీ గుడిబండ. ఈ పేరుతో రెండు ఊళ్లున్నాయి. కొండ మీద కోట, కింద బైరసాగరం చెరువు ఉన్న గుడిబండె కర్ణాటకలోని చిక్కబళ్లాపుర జిల్లాది. మనం దిగింది మడకశిర పక్కనున్న గుడిబండలో. నిన్నమొన్నటి దాకా అనంతపురం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. పటంలో చూస్తే మడకశిర, రొళ్ల, అగళి, అమరాపురం, గుడిబండ కలిసి కర్ణాటకలోకి చొచ్చుకుపోయి ఉంటాయి. చాలా ఇళ్లలో కన్నడం, కచేరీలో తెలుగు, సంతలో రెండూ. ఇక్కడి నుంచి బంగాళాఖాతం కంటే అరేబియా సముద్రమే దగ్గర. అదైనా పక్షి ఎగిరే దారిన 250 కిలోమీటర్ల పైమాటే, మధ్యలో పడమటి కనుమలు. నైరుతి మేఘం బరువంతా ఆ కనుమల అవతలే దించుకుని వస్తుంది. ఈశాన్య రుతుపవనం కోస్తాను తడిపి ఇక్కడికి చేరేసరికి అలసిపోతుంది. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్లు అటూ ఇటూగా వాన. దేశంలో అతి తక్కువ వానలు పడే సీమల్లో ఇదొకటి.

అలాంటి చోట, వెయ్యేళ్ల కిందట, ఒక రాజధాని ఉండేది.

గుడిబండ నుంచి అమరాపురం మీదుగా హేమావతికి పోతే వక్కతోటలు ఎదురవుతాయి. చుట్టూ వేరుశనగ చేలు, ఎర్రమట్టి, రాతి గుట్టలు ఉన్న నేల మధ్య నిటారుగా నిలబడ్డ పోకచెట్లు చూస్తే, ఈ ఊరి చరిత్రకు మూలమేమిటో అక్కడే సగం తెలుస్తుంది. శాసనాల్లో దీని పేరు హెంజేరు, పెంజేరు. నొళంబ పల్లవుల రాజధాని. ఎనిమిదో శతాబ్దం నుంచి పదకొండో శతాబ్దం దాకా నేటి అనంతపురం, చిత్రదుర్గం, తుమకూరు, కోలారు ప్రాంతాల్లో పెద్ద భాగం వీళ్ల ఏలుబడిలో ఉండేది. నొళంబవాడి ముప్పైరెండువేలు అని ఆ రాజ్యానికి పేరు. మన పాఠ్యపుస్తకాల్లో వీళ్లకు రెండు వాక్యాలు దక్కితే గొప్ప. తెలుగువాళ్లు కన్నడ రాజులనుకున్నారు, కన్నడిగులకు రాజధాని ఆంధ్రలో ఉండిపోయింది, తమిళులకు వీళ్లు ఓడిపోయిన శత్రువులు. మూడు భాషల మధ్య పడి ఒక మంచి రాజవంశం మరుగున పడిపోయింది.

హేమావతిలో దొరికిన స్తంభశాసనం వీళ్ల వంశక్రమాన్ని చెబుతుంది. మూలపురుషుడు కంచిని ఏలిన త్రినయన పల్లవుడట. తర్వాత మంగళ నొళంబాధిరాజు, సింహపోతుడు, చారుపొన్నేరుడు, పొలల్చోరుడు, మహేంద్రుడు, అయ్యపదేవుడు, అతని కొడుకులు అన్నిగుడు, దిలీపుడు. కంచి పల్లవులతో నిజంగా రక్తసంబంధం ఉందా అన్న చర్చ పక్కన పెడదాం. దక్కన్‌లో గంగులు, బాణులు, రాష్ట్రకూటులు, వైదుంబుల మధ్య ఇరుక్కున్న చిన్న రాజ్యానికి కంచి పేరు ఒక అండ. పొలల్చోరుడు గంగరాజు కూతురు జాయబ్బెను పెళ్లాడాడు. వాళ్ల కొడుకు మహేంద్రుడు బాణులను దెబ్బతీసి ఆ విజయాన్నే బిరుదుగా పెట్టుకున్నాడు. తొమ్మిదో శతాబ్దం చివర్లో నొళంబులు పతాకస్థాయికి చేరింది ఈయన కాలంలోనే.

హేమావతిలో చూడవలసినవి సిద్ధేశ్వర, దొడ్డేశ్వర, విరూపాక్షేశ్వర, మల్లికార్జున ఆలయాలు. పురావస్తు శాఖ చుట్టుపక్కల దొరికిన విగ్రహాలను అక్కడే ప్రదర్శనశాలగా పెట్టింది. సిద్ధేశ్వరుడి గర్భగుడిలో లింగం ఉండదు. శివుడు మనిషి రూపంలో కూర్చుని ఉంటాడు. శివాలయం అనగానే లింగానికి అలవాటుపడ్డ కళ్లు ఒక్క క్షణం తడబడతాయి. నిత్యపూజ అందుకునే స్వామి ఈయనే. శివరాత్రికి రెండు రాష్ట్రాల జనం వస్తారు.

దొడ్డేశ్వరాలయంలో మాత్రం తీరిగ్గా ఉండాలి. ముందు పెద్ద నంది. లోపల స్తంభాలు నల్లటి మెత్తటి నునుపుతో మెరుస్తుంటాయి. ఒక స్తంభం దగ్గర ఆగి కింది నుంచి పైకి చూడండి. అడుగున చదరపు దిమ్మె, దాని నాలుగు ముఖాల మీద బొమ్మలు. దానిపైన రాయి చదరం వదిలి గుండ్రమవుతుంది. కుమ్మరి సారె మీద తిప్పినట్టు మెడలు, కుండలు, గంటలు ఒకదానిపై ఒకటి. మెడకూ మెడకూ మధ్య అంగుళమంత పట్టీలో తీగచుట్టలు, ముత్యాల సరాలు. చీర అంచు ఎంత సన్నగా నేస్తారో అంత సన్నగా చెక్కారు. ఆ కాలంలో గంగుల పనితనంలో దిటవు ఉంది, రాష్ట్రకూటుల పనిలో భారీతనం ఉంది. నొళంబ శిల్పి చేతిలో ఉన్నది సుకుమారం. గోడల్లోని రాతి కిటికీల దగ్గరా ఇంతే. ఒకే పలకను తొలిచి జాలీ చేశారు, ఆ జాలీ మధ్యలోనే దేవతామూర్తులను నిలబెట్టారు. బయటి వెలుతురు బొమ్మల చుట్టూ ఉన్న సందుల్లోంచి లోపలికి పడుతుంది. వెలుతురు కోసం చేసిన కంతకు ఇంత శ్రమ ఎందుకు పడ్డారో ఆ కిటికీ ముందు నిలబడ్డవారికి ఇంక అడగాలనిపించదు.

ఈ పనితనమే వాళ్ల గుళ్లకు చేటు తెచ్చింది.

పదో శతాబ్దంలో నొళంబుల పక్కనే ఉన్న గంగరాజు రెండో మారసింహుడు వాళ్లను చావుదెబ్బ కొట్టి ‘నొళంబకులాంతక’ అని బిరుదు ధరించాడు. ఒక వంశాన్నే తుడిచేశానని చెప్పుకునే బిరుదది. అంతా అయ్యాక ఆయనే రాజ్యం వదిలి బంకాపురంలో జైనగురువు అజితసేనుడి సన్నిధిలో సల్లేఖన వ్రతంతో ప్రాణం విడిచాడు. కొద్ది దశాబ్దాలకే తంజావూరు నుంచి చోళులు వచ్చారు. రాజరాజు ప్రశస్తిలో గంగపాడితో పాటు నొళంబపాడి కూడా జయించిన దేశాల వరుసలో కనిపిస్తుంది. చోళసైన్యాలు ఓడించిన దేశం నుంచి శిల్పాలు మోసుకుపోవడం ఆనవాయితీగా పెట్టుకున్నాయి. చాళుక్యుల కల్యాణి నుంచి రాజాధిరాజు తెచ్చిన ద్వారపాలకుడి పీఠం మీద ఆ సంగతే చెక్కి ఉంది. హేమావతి నుంచి వాళ్లు స్తంభాలు తీసుకుపోయారు.

అవి ఎక్కడున్నాయి? తిరువయ్యారులో. పంచనదీశ్వర ఆలయ ప్రాంగణంలో రాజేంద్రచోళుడి రాణి పంచవన్ మహాదేవి కట్టించిన దక్షిణ కైలాసం ఉంది. దాని చుట్టు మండపంలో నిలబడ్డ స్తంభాల్లో నొళంబుల చేతివాటం ఉన్నవాటిని కళాచరిత్రకారులు గుర్తుపట్టారు. ఏటా పుష్య బహుళ పంచమికి తెలుగు సంగీతాభిమానులు త్యాగరాజ ఆరాధనకు ఆ ఊరికి వెళ్తారు, కావేరి ఒడ్డున కూర్చుని పంచరత్నాలు వింటారు. సమాధికి దగ్గర్లోనే మడకశిర సీమ రాళ్లు ఉన్నాయని వాళ్లలో ఎందరికి తెలుసో! ఆరాధనకు వెళ్లేవారు ఈసారి ఒక గంట ఆ గుడికి ఇవ్వాలని నా మనవి.

రెండో వలస చాలా తర్వాతి సంగతి. హేమావతి స్తంభాలు, పలకలు కొన్ని మద్రాసు ప్రభుత్వ మ్యూజియానికి చేరాయి. వాటి మీద సి.శివరామమూర్తి 1964లో ఒక పుస్తకం రాశారు. నొళంబ శిల్పాన్ని వేరే శైలిగా లోకం గుర్తించడానికి ఆ పుస్తకం చాలా చేసింది. చెన్నైకి వెళ్లే మనవాళ్లు మెరీనా బీచికి తప్పకుండా పోతారు. ఎగ్మూరు మ్యూజియం అక్కడికి దూరమేమీ కాదు.

నొళంబుల తర్వాత హెంజేరు అనామకమైపోలేదు. నిడుగల్లు కొండ కోటగా ఏలిన తెలుగు చోళ శాఖవారు దీన్ని తమ పట్టణాల్లో ఒకటిగా చేసుకున్నారు. వాళ్లలో ఇరుంగోళుడి కాలం నాటి శాసనం ఒకటి, 13వ శతాబ్దపు చివరిది, అమరాపురంలో ఉంది. మల్లిసెట్టి అనే భక్తుడు జైన బసదికి, పార్శ్వనాథుడి పేర, పోకచెట్లు దానం చేశాడు. రెండువేల చెట్లు! బంగారం ఇస్తే ఖర్చయిపోతుంది, పొలం ఇస్తే వాన పడాలి. పోకతోట ఇచ్చాడంటే ఏడాది పొడవునా పారే తడి తన అధీనంలో ఉందన్నమాట. వెనక నిండు చెరువు ఉంటేనే ఆ దానానికి విలువ. ఇవాళ అమరాపురం, అగళి, హేమావతి చుట్టూ కనిపించే వక్కతోటలు ఏడు వందల ఏళ్ల నాటి ఆ వ్యవసాయానికి వారసులు.

ఇక్కడే ఈ సీమ గుట్టు దొరుకుతుంది. కోస్తాలో గుడికి నది ఉంది, సముద్రం ఉంది. తీర్థస్నానానికి నీళ్లు వెతుక్కోవలసిన పని లేదు. ఇక్కడ గుడి కట్టించాలంటే ముందు నీళ్లు కట్టించాలి. దేవుడికి అభిషేకం, నైవేద్యానికి వరి, అర్చకుడికి, మేళగాళ్లకు మాన్యం, ఉత్సవానికి వచ్చే జనానికి అన్నం, అన్నీ చెరువు కింది మడి నుంచే రావాలి. విజయనగర కాలానికి ఇది పెద్ద ఏర్పాటుగా ఎదిగింది. భక్తుడు దేవుడికి రొక్కం ఇస్తే గుడి దాన్ని దాచిపెట్టేది కాదు. గుడి ఊళ్లలో కాలువ తవ్వడానికో, చెరువు బాగుచేయడానికో పెట్టేది. పెరిగిన పంటతో ఆ దాత పేర రోజూ నైవేద్యం నడిచేది. తిరుమల శాసనాల్లో ఇలాంటివి ఎన్నో ఉన్నాయి. చెరువు కట్టినవాడికి, మరమ్మతు చేసేవాడికి ఆయకట్టులో పదో వంతు చొప్పున ఇచ్చే దశబంధ మాన్యాలు రాయలసీమంతా ఉండేవి. తూము ఎత్తి దించే నీరుగంటికి కల్లంలో వాటా. కట్ట మీద గంగమ్మకు జాతర. ఇంతమంది బతుకు ముడిపడి ఉంది కాబట్టే కట్ట నిలిచింది, కట్ట నిలిచినన్నాళ్లు గుడిలో దీపం వెలిగింది.

ఈ మాటకు రుజువు పెనుకొండలో ఉంది. గుడిబండ నుంచి మడకశిర మీదుగా తూర్పుకు వస్తే ఘనగిరి, అంటే పెనుకొండ, కనిపిస్తుంది. కోట ఉత్తర ద్వారం దగ్గరి 1354 నాటి శాసనం, మొదటి బుక్కరాయలు తన కొడుకు వీరవిరూపణ్ణ ఒడెయరుకు ఈ రాజ్యభాగాన్ని అప్పగించిన సంగతి చెబుతుంది. హంపీ తర్వాత అంత ముఖ్యమైన కోట. కొండ ఎత్తు, గోడలు గట్టి. కొరత నీటిదే.

1388లో రెండో హరిహరరాయల కొడుకు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో ఉండి ఏలుతున్నాడు. జీవులన్నిటికీ నీరే ప్రాణాధారం కనుక హెన్నె నదిని, అంటే పెన్నను, పెనుకొండకు తీసుకురావాలని కొలువులో ఆజ్ఞ ఇచ్చాడు. ఆజ్ఞ అందుకున్నవాడు సేనాపతీ కాదు, మంత్రీ కాదు. సింగాయభట్టు. పది విద్యల్లో ఆరితేరినవాడని, జలసూత్రం తెలిసినవాడని శాసనం అతణ్ణి పొగుడుతుంది. ఈనాటి మాటల్లో నీటిపారుదల ఇంజనీరు. అతను పెన్న నుంచి సిరువేర చెరువుకు కాలువ తవ్వించి, దానికి రాజు పేర ప్రతాప బుక్కరాయ మండల కాలువ అని పేరు పెట్టి, ఆ సంగతి రాతి మీద రాయించాడు. ఆ రాయి దొరికింది పెనుకొండలో కాదు, గౌరిబిదనూరు తాలూకాలో, నది తెలుగు నేలకు ఇంకా దిగని చోట. అంటే కాలువకు తల ఎక్కడ పెట్టాలో, అక్కడి నుంచి వాలు ఎంత ఉంచితే నీళ్లు గట్లు కోయకుండా, మేట వేయకుండా కొండల మధ్య నుంచి నడిచి వస్తాయో ఆ మనిషి కొలిచి చూసుకున్నాడు. పంపులు లేని రోజుల్లో, కేవలం వాలును నమ్ముకుని. రాజులను, యుద్ధాలను పక్కన పెట్టి ఒక ఇంజనీరు పేరును, అతని పనిని, సంవత్సరంతో సహా ఇంత స్పష్టంగా చెప్పే రాళ్లు మనకు చాలా అరుదు. పెనుకొండలో వీధికో విగ్రహం పెట్టుకోవచ్చు, ఒక్కటి సింగాయభట్టుకు కూడా ఉండాలి.

దీనికి ఇరవై ఏళ్ల ముందే, 1369లో, కడప సీమలోని పోరుమామిళ్లలో బుక్కరాయల మరో కొడుకు భాస్కరుడు చెరువు కట్టించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని. అక్కడి భైరవాలయం ముందున్న శాసనం చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను వరుసగా చెబుతుంది. కట్టలోంచి నీరు చెమర్చడం, చవిటి నేల, చెరువు మధ్య మిట్ట, నీరు తక్కువై నేల ఎక్కువ కావడం, నీరు ఎక్కువై నేల తక్కువ కావడం. ఇంకో దోషం ఉంది: రెండు రాజ్యాల పొలిమేరలో చెరువు కట్టడం.

గుడిబండలో కూర్చుని ఆ చివరి మాట చదివితే గుండె కలుక్కుమంటుంది. ఈ సీమంతా పొలిమేరే. 1800లో నిజాం దత్తమండలాలను కుంపిణీకి ఇచ్చాక పైనున్న నీళ్లు మైసూరు రాజ్యంలో, కిందున్న చెరువులు మద్రాసు ప్రెసిడెన్సీలో పడ్డాయి. దత్తమండలాల కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో, ఇక్కడ చెరువుకు అనువైన చోటు ఒక్కటీ జనం వదిలిపెట్టలేదనీ, కొత్త చెరువులు కడదామనుకోవడం వృథా ప్రయాస అనీ తేల్చాడు. మనవాళ్లకు ఒక పరాయి అధికారి ఇచ్చిన ఇంతకంటే గట్టి యోగ్యతాపత్రం నేను చూడలేదు. పై వైపు మైసూరువారు కొత్త ఆనకట్టలు కడుతుంటే కింది చెరువులు ఎండుతాయన్న తగవు ముదిరి, 1892లో మద్రాసు, మైసూరు ప్రభుత్వాలు ఒప్పందం చేసుకున్నాయి. పెన్న, చిత్రావతి, పాపఘ్ని, వేదవతి వంటి నదుల మీద మద్రాసు ముందుగా ఒప్పుకోకుండా మైసూరు కొత్త పనులు చేపట్టరాదని దాని సారం. కావేరి తగవులో అందరూ ఉటంకించే ఒప్పందం ఇదే. అందులో మన పెన్న ఉందన్న మాట మాత్రం చాలామంది మరిచిపోతారు. ఇప్పుడు హంద్రీనీవా మడకశిర కాలువ ద్వారా శ్రీశైలం వెనకనీళ్లను మెట్టు మెట్టుగా ఎత్తిపోసి ఈ వైపు తెస్తున్నారు. వచ్చిన నీళ్లు నింపుతున్నది చాలాచోట్ల పాత చెరువులనే.

లేపాక్షి గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను. దాని మీద పుస్తకాలున్నాయి. అచ్యుతదేవరాయల కాలంలో, 1529–42 మధ్య, పెనుకొండ కొలువులోని విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కూర్మశైలం మీద వీరభద్రాలయాన్ని పెంచి కట్టించారు. ఊరి మొదట్లో ఏకశిలా నంది, లోపల నాగలింగం, అసంపూర్తిగా ఆగిపోయిన కల్యాణమండపం. నేలకు ఆనని స్తంభం కింద నుంచి అందరూ కండువా లాగి చూస్తారు, చూడండి. కానీ ఆ సంబరంలో తలెత్తడం మరవొద్దు. నాట్యమండపం కప్పు మీది వర్ణచిత్రాల్లో ఆడవాళ్లు కట్టిన చీరలు, వాటి అంచులు, మగవాళ్లు పెట్టుకున్న పొడుగు కుళ్లాయిలు నాలుగున్నర శతాబ్దాలు దాటినా పోల్చుకునేలా ఉన్నాయి. ఆ అంచులు తర్వాత ధర్మవరం మగ్గాల మీదికి ఎక్కాయి. ధర్మవరానికి పోయినవారు పట్టుచీరల కొట్టు నుంచి కాస్త దూరం నడిచి చెరువు కట్ట కూడా ఎక్కాలి. క్రియాశక్తి ఒడెయరు కట్టించాడని స్థానికులు చెప్పుకునే ఆ చెరువు, దాని పైనున్న బుక్కపట్నం చెరువు, రెండూ చిత్రావతి నీళ్లను పట్టేవే. పై చెరువు మరవ పారితే కింది చెరువుకు ఆశ.

ఈ యాత్రకు కార్తీకం మంచిది. వానలు పడిన ఏడాదైతే చెరువుల్లో నీళ్లుంటాయి, ఎండ చురుకు తగ్గి ఉంటుంది. హిందూపురానికి బెంగళూరు, గుంతకల్లు వైపుల నుంచి రైళ్లున్నాయి. అక్కడ దిగితే లేపాక్షి ఒక పక్క, పెనుకొండ ఒక పక్క, మడకశిర మీదుగా గుడిబండ, హేమావతి మరో పక్క. ముందు హేమావతికి వెళ్లి తర్వాత లేపాక్షికి రండి. లేపాక్షి చూసిన కళ్లకు హేమావతి చిన్నదిగా అనిపించే ప్రమాదం ఉంది, అది అన్యాయం. రెంటికీ మధ్య ఆరేడు వందల ఏళ్ల తేడా.

మళ్లీ పెనుకొండ దగ్గరికి వద్దాం. దానికి అసలు పరీక్ష 1565 జనవరిలో వచ్చింది. రాక్షసి తంగడి పోరులో అళియ రామరాయలు పడిపోగానే తమ్ముడు తిరుమలరాయలు సదాశివరాయలను, ఖజానాను వెంటబెట్టుకుని హంపీ విడిచి దక్షిణానికి తరలాడు. చివరికి రాజధానిగా నిలిచింది పెనుకొండే. ఒక సామ్రాజ్యపు కొలువు, సైన్యం, ఏనుగులు, గుర్రాలు, వెంట వచ్చిన పరివారం ఆ కొండ కిందికి వచ్చిపడితే, అప్పటికి దాదాపు 180 ఏళ్ల కిందట సింగాయభట్టు తెచ్చిన నీళ్ల విలువ ఏమిటో కొలువువాళ్లకే బాగా తెలిసి ఉంటుంది. గోల్కొండ నుంచి మహమ్మద్ కులీ కుతుబ్‌షా వచ్చి ముట్టడించినా కోట లొంగలేదు. 1592లో రెండో వెంకటపతి రాయలు చంద్రగిరికి మారేదాకా తెలుగు కన్నడ సీమలకు పెనుకొండే రాజధాని. పట్టణం చేతులు మారిన తీరు, గగనమహలు, పక్కపక్కనే ఉన్న రామాలయం, శివాలయం, పార్శ్వనాథ బసది, బాబయ్య దర్గా కథలు వచ్చే భాగంలో.